వైకుంఠం నోట్లో బియ్యం

వైకుంఠం ఉమ్మిన బియ్యం మోదుగాకు మీద పొడిపొడిగా రాలింది.

యాకుత్‌పురాలో రుక్మాబాయి ఇంట్లో ఆరు కుటుంబాలు కిరాయికి ఉంటాయి. బుధవారం ఆమె బంగారు గుండ్లపేరు పోయింది. ఠాణాకు వెళ్లేముందు దొంగెవరో మనమే తేలుద్దామన్నాడు పెద్దమనిషి బాలనర్సింహ. గురువారం పొద్దున్నే అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, మంత్రించిన బియ్యం తలా గుప్పెడు నమలమన్నాడు. తప్పు చేసినవాడికి భయంతో నోరెండిపోతుందట. బియ్యం తడవదట. అక్కడ మనిషి చంద్రుడి మీద నడిచి వచ్చాడు. ఇక్కడ మన దర్యాప్తు ఇదీ.

మిగతావాళ్లంతా తడి ముద్దలు ఉమ్మారు.

"ఏందిర వైకుంఠం, గింత పొడిగున్నది?" బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. "నడువు ఠాణాకు."

ఠాణా మెట్లెక్కితే ఉస్మాన్‌గంజ్ దుకాణంలో కొలువు పోతుంది. ఇల్లూ ఖాళీ చేయాలి. లీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మొగుడి పక్కన కూలబడింది. వైకుంఠం నాలుకతో పెదాలు తడుపుకోబోయాడు. నాలుక కూడా ఎండిపోయే ఉంది. పాపం, అసలే జబ్బుమనిషి.

పక్కగది ప్రకాశం అడ్డొచ్చాడు. అతను కంపౌండరు. నాలుగక్షరాలు తెలిసినవాడు ఒక్కడైనా ఉండటం ఆ ఇంటి అదృష్టం.

"జర ఆగు బాపు. అన్నకు కడుపుల మంట. సోమవారం పొద్దుగాల సీసా నింపి, పన్నెండు గీతల కాగితం అంటిచ్చి నేనే ఇచ్చిన. పూటకొక గీత, రోజుకు మూడు. గా మందుల బెల్లడోనా ఉంటది. కడుపుల పులుపు ఊరనియ్యది. పేగులు గుంజకుండ నెమ్మది చేస్తది. నోట్లె ఉమ్మి గూడ ఊరనియ్యది. గది తాగినోని నోట్లె బియ్యం ఎట్ల తడుస్తయి?"

"ఇయ్యాల పొద్దుగాల గూడ తాగిన," అన్నాడు వైకుంఠం బొంగురు గొంతుతో.

బాలనర్సింహ తల దించుకున్నాడు. రుక్మాబాయి కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

"తప్పయింది బిడ్డా. నీ అసువంటోన్ని అనుమానపడితిమి."

తానే లోపలికి వెళ్లి చెంబెడు మజ్జిగ తెచ్చిచ్చింది. వైకుంఠం గటగటా తాగేశాడు. మిగిలిన మంత్రం బియ్యాన్ని బాలనర్సింహ సిగ్గుపడుతూ కోళ్లకు చల్లాడు. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరి నోట్లోనూ బియ్యం పోయొద్దని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.

"సీసా అడుగంటి ఉంటది. ఇయ్యి వదినె, మళ్ల నింపుకొస్త," అన్నాడు ప్రకాశం.

"నేను తెస్తలే," అని వైకుంఠం లేవబోయాడు.

"నువ్వు కూసో," అంది లీలమ్మ. కళ్లు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లి గూట్లో సీసా అందుకుంది.

కాగితం మీది మొదటి గీత దాకా కూడా మందు దిగలేదు.