నాలుగొందల పదిహేడు

కారెక్కబోతే యెర్మెక్ మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి.

సీటు ముందుకు జరిపి ఉంది. పెట్రోలు ముల్లు కూడా నిన్న ఉన్నచోట లేదు.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

చలికాలం, బొగ్గుగనుల ఊరు కరగండలో కారున్నవాళ్ళు రాత్రిపూట దాన్ని కాపలా యార్డులో పెట్టి, తాళంచెవి వాచ్‌మన్ గదిలో మేకుకు తగిలించి ఇంటికి పోతారు. మంచు ఊడ్చేటప్పుడు బళ్ళు అటూ ఇటూ జరపాలి మరి.

ఈ యార్డుకు వాచ్‌మన్ తుర్లిబెక్. డెబ్బై దాటిన పొట్టి మనిషి. యెర్మెక్ కారు కొన్న శీతాకాలమే ఈ పనిలో చేరాడు.

"పెద్దాయనా, నా కారు తోలావా?"

"తోలలేదు. చలికి బిగుసుకుపోకుండా ఇంజను వేసి కాసేపు కూర్చున్నాను."

"ఎవర్నడిగి?"

"నిన్నడగాలంటే తెల్లవారుజామున నిద్ర లేపాలి. లేచేవాడివా?"

"నాలుగు చక్రాలూ లాగే బండి అది. గుర్రంలాంటిది. ఆరేళ్ళలో ఒక్కనాడు మొరాయించలేదు. దానికి నీ సేవలెందుకు?"

"నిజమే. ఆరేళ్ళలో ఒక్కనాడూ మొరాయించలేదు," అన్నాడు ముసలాయన. మీసాల చాటున నవ్వాడు కూడా.

ఆ నవ్వుకు యెర్మెక్‌కు ఇంకా ఒళ్ళు మండింది.

"రేపు మా చెల్లెలు మొల్దిర్‌ను అత్తారింటికి తీసుకెళ్ళేది ఈ కార్లోనే. ఇంకెప్పుడూ ముట్టుకోనని చెప్పు. వదిలేస్తాను."

"చెప్పను. రేపు పెళ్ళికూతురు ఎక్కే బండి కదా, ఇవాళ ఇంకో రెండుసార్లు ఎక్కువే వేస్తాను. ఏం చేసుకుంటావో చేసుకో."

"గేటు దగ్గర కూర్చునేవాడివి, ఇలాంటి కారు సంగతి నీకేం తెలుసు?"

తుర్లిబెక్ కారు తలుపు తీసి, సీటు మాత్రం మళ్ళీ వెనక్కి జరిపాడు.

యెర్మెక్ తిన్నగా యార్డు యజమాని దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా ముసలాయన ఉద్యోగం ఊడింది. సాయంత్రం బండి యార్డులో పెట్టాక యెర్మెక్ తాళంచెవి మేకుకు తగిలించలేదు. జేబులో వేసుకున్నాడు.

రాత్రి ఇంట్లో టీ తాగుతూ బామ్మర్ది దామిర్ ఆ తాళంచెవిని వేలికి తిప్పాడు. దాని చివర అరిగిన ఇత్తడి బిళ్ళ ఒకటి వేలాడుతోంది. 417 అని నంబరు.

"ఒక్క తాళంచెవితో కారు కొన్నవాణ్ణి నిన్నే చూశాను బావా."

"రెండోది పోయిందన్నాడు అమ్మిపెట్టిన బ్రోకరు. బొగ్గుగని ఇంజనీరు బండి ఇది. ఒక్కరి చేతికీ ఇచ్చేవాడు కాదట. పెళ్ళాం జబ్బుకు డబ్బులేక అమ్ముకున్నాడు."

"ఇలాంటి సోకు బళ్ళు రెండ్రోజులు రోడ్డు మీద, అయిదు రోజులు మెకానిక్ దగ్గర. రేపు చలి మైనస్ నలభైకి దిగుతుందట. మొల్దిర్‌ను నా జీపులో పంపిద్దాం."

"పంపితే నా కార్లోనే పంపుతాను. అది కదలకపోతే నా చెల్లెలి పెళ్ళికి నేనే రాను, పో."

పెళ్ళికూతురి బండి మొరాయిస్తే అపశకునమని ముసలమ్మలు జన్మంతా చెప్పుకుంటారు. యెర్మెక్‌కు ఆ సంగతి తెలుసు. అయినా మాట జారాడు, ఇక వెనక్కి తీసుకునే రకం కాదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ యార్డుకు వెళ్ళారు.

దామిర్ జీపు నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. పక్క బళ్ళూ అంతే. అద్దాల మీద వేలెడు మందాన మంచు.

యెర్మెక్ కారు అద్దం మాత్రం తళతళలాడుతోంది.

తాళం తీసి కూర్చున్నాడు. చెవి ఇలా తిప్పాడో లేదో ఇంజను గుర్రుమంది.

దామిర్ నోరు తెరిచాడు. "ఒప్పుకున్నాను బావా. నీ బండి బండే."

యెర్మెక్ ఈ క్షణం కోసం ఆరేళ్ళుగా ఎదురుచూశాడు. తీరా వచ్చేసరికి అతని మోకాళ్ళు స్టీరింగుకు తగిలి ఉన్నాయి.

సీటు ముందుకు జరిపి ఉంది.

కారుకు తాళం వేసింది తను. తాళంచెవి ఉన్నది తన జేబులో.

ఆలోచించడానికి వ్యవధి లేదు. ఇంటి ముందు మిఠాయిలూ చిల్లరా చల్లుతుంటే మొల్దిర్ కారెక్కింది. గడ్డకట్టిన రోడ్డు మీద కారు ఎక్కడా జారలేదు, ఆగలేదు. ఆమెను అత్తారింటి గడప దగ్గర దింపి, విందుకైనా కూర్చోకుండా యెర్మెక్ యార్డుకు తిరిగొచ్చాడు.

కొత్త వాచ్‌మన్ రౌజా అనే నడివయసు ఆడమనిషి.

"నిన్నటిదాకా ఇక్కడ పనిచేసిన పెద్దాయన తెల్లవారకముందే వచ్చాడండీ. వద్దంటే వినలేదు. మీ కార్లో మూడుసార్లు ఇంజను వేశాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాను. పిలుచుకో, పెళ్ళికూతురు మాత్రం చలిలో నిలబడకూడదు అన్నాడు."

"లోపలికెలా వెళ్ళాడు? తాళంచెవి నా దగ్గరే ఉంది కదా."

"తన దగ్గరున్న దానితోనే. పోతూ పోతూ అది మీకిమ్మన్నాడు. ఇక తనకు పనిలేదట. పది గంటల రైలుకు కూతురి ఊరు వెళ్ళిపోయాడు."

గోడ గడియారంలో పదకొండున్నర.

యెర్మెక్ జేబులో చెయ్యి పెట్టి ఇత్తడి బిళ్ళను తడుముకున్నాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒకే నంబరుతో రెండు బిళ్ళలుంటాయి. దిగేటప్పుడు ఒకటి ఇచ్చి వెళతాడు, ప్రాణాలతో పైకొచ్చాక రెండోది. కరగండలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే.

రౌజా గుప్పిట తెరిచింది. ఆ తాళంచెవికీ ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది, ఎంత అరిగినా నంబరు తెలుస్తూనే ఉంది, నాలుగొందల పదిహేడు.