నానుతున్న చేప

బస్సుకు వేళవుతోంది. సంచి భుజాన వేసుకున్న గ్రాసిందా వంటింట్లో బేసిన్ చూసి ఆగిపోయింది. అట్టలా ఎండిన బకల్యావు, అదే ఉప్పుచేప, నీళ్ళలో నానుతోంది.

"బ్రాగాలో మా అక్క దగ్గరికి పోతానన్న ప్రతిసారీ దీన్ని నానబెడతారేంటి అత్తయ్యా? రెండ్రోజులు పూటపూటా నీళ్ళు మార్చాల్సింది నేనేగా."

ఆలివ్ నూనె సీసా తుడుస్తున్న దియొలిందా తలెత్తలేదు.

"ఈసారి నేను ముట్టుకోలేదే. పొద్దున లేవగానే నువ్వే వేశావు."

"నేనా?"

"నేనూ అంతే. మా అత్త పోయాక కూడా, పుట్టింటికి బయల్దేరిన రోజే నానేసేదాన్ని."

గ్రాసిందా తన వేలు నాలుకకు ఆనించుకుంది. ఉప్పగా ఉంది.

బయట బస్సు హారన్ మోగింది. ఆమె సంచి దించి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పట్టింది.