తమ్ముడి పాట

ఆల్బం వచ్చాక బ్యాండుకు అది మొదటి ప్రదర్శన. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. బేస్ గిటార్ వాయించిన తమ్ముడు మాత్రం రికార్డింగ్ ముగిసిన వారానికే పోయాడు. వాడి గిటార్‌ను గుర్తుగా వేదిక మీద నిలబెట్టారు.

అందరూ వెళ్లాక, బ్యాండులో పాడే వాడి అక్క ఒక్కతే మసక వెలుతురులో వైర్లు చుడుతోంది. వెనక బేస్ తీగ మోగింది. తిరిగి చూసింది. వాడి గిటార్‌కు వైరే తగిలించలేదు. మళ్లీ మోగింది, ఈసారి స్పీకర్‌లోంచి.

చేతిలోని వైరు వదిలేసి ఆమె గిటార్ ముందు కూర్చుంది.

"అందరికీ నచ్చిందిరా," అంది. "నువ్వు కట్టిన పాటైతే రెండుసార్లు పాడించుకున్నారు."

స్పీకర్‌లోంచి ఆ పాటే మొదలైంది, వాడు వాయించినట్టే కాస్త హడావిడిగా.

"తొందరేముంది నాన్నా, మెల్లగా," అంటూ ఆమె గొంతు కలిపింది.