మొదటి గుక్క

"చీకటి పడేలోపు ఆ తెరచాప కొయ్య మీద దీపం వెలక్కపోతే, నీ పడవకి తాడు కట్టి రేవు బయటికి ఈడ్పించేస్తా!" అన్నాడు రేవు ఆఫీసరు, జెట్టీ మీద నిలబడి, నడుముకి చెయ్యానించుకుని.

"కరెంటు వైరు కోయించిందీ నువ్వే, దీపమేదని అడిగేదీ నువ్వే! కాళ్ళు విరగ్గొట్టి పరిగెత్తమన్నట్టుంది," అంది అక్క, పడవలో కూర్చుని క్యారెట్లు తరుగుతూ. "ఇది నా ఇల్లయ్యా. నీ కొత్త లాంచీకి చోటు కావాలంటే నెత్తి మీద పెట్టుకో."

"వండుకో తల్లీ, వండుకో. ఈ రేవులో ఇదే నీ ఆఖరి వంట."

కింద గదిలో తమ్ముడు, గడ్డి కోసే మిషను ఇంజన్ని చెక్కకి బిగించి, దానికి కరెంటు పుట్టించే ఓ పాత కారు ఆల్టర్నేటర్‌ని బెల్టుతో కలిపాడు. తాడు లాగాడు. ఇంజను డగడగమంది. ఆల్టర్నేటర్ గిర్రున తిరిగింది. మీటరు ముల్లు మాత్రం అత్తారింట్లో అల్లుడిలా కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

ఆఫీసరు పగలబడి నవ్వాడు.

తమ్ముడు ఇంజను ఆపి తల బయటికి పెట్టాడు. "అక్కా, బ్యాటరీ పూర్తిగా చచ్చింది," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ ఆల్టర్నేటర్‌కి ముందు ఎవరో ఓ గుక్క కరెంటు పోస్తేగానీ నిద్ర లేవదు. లేచిందా, ఇంక అదే మనకి పోస్తుంది."

"పక్క పడవలో అడగరా."

"అడిగా. ఈయన గుడ్లురుముతుంటే ఎవడిస్తాడే?"

సూర్యుడు అప్పటికే సగం నీళ్ళలో ఉన్నాడు. అక్క ఓసారి అటు చూసి, గొంతు పెంచింది.

"ఏమయ్యోయ్! లోపల వైర్లు కనబడక మావాడు చస్తున్నాడు. నీ చేతిలో ఆ టార్చి ఓసారి ఇటివ్వు. లేకపోతే ఆడదాన్ని చీకట్లో ఓడించాడని నలుగురూ నిన్నే అంటారు!"

జెట్టీ మీద పోగైన జనం కిసుక్కుమన్నారు. ఆఫీసరుకి రోషం ముక్కు మీదికొచ్చింది. గదలా ఊపుకుంటున్న నాలుగు సెల్లుల టార్చిని అక్క చేతిలో పెట్టాడు.

"తీస్కో! వెలుతుర్లోనే ఓడిపో. ఆ దీపం వెలిగితే నీ పడవ వంక మళ్ళీ కన్నెత్తి చూస్తే ఒట్టు. వీళ్ళంతా సాక్షి!"

అక్క టార్చి పుచ్చుకుని, క్యారెట్ల గిన్నె చంకన పెట్టుకుని కిందికి దిగింది. తలుపు మూసింది.

ఇంజను మళ్ళీ డగడగమంది. కాసేపటికి దాని గొంతు ఒక్కసారిగా బరువెక్కింది, నెత్తిన మూట పెట్టినట్టు.

"లేచిందే అక్కా!"

కొయ్య చివర దీపం మినుకుమంది. ఆగింది. మళ్ళీ మినుకుమని, తెల్లగా, నిండుగా వెలిగింది. జనం ఈలలేశారు.

అక్క పైకొచ్చి టార్చిని గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. "నీ మేలు మర్చిపోనయ్యా. నువ్వు లేకపోతే ఈ దీపం వెలిగేదే కాదు."

"ఎటకారమా?" అని పళ్ళు నూరుకుంటూ ఆఫీసరు విసవిసా నడిచాడు. జెట్టీ మలుపు తిరిగేసరికి చీకటి పడిపోయింది. టార్చి నొక్కాడు. వెలగలేదు. తొడకేసి కొట్టి మళ్ళీ నొక్కాడు. ఊహూ. విసుగొచ్చి, వెనక మూత తిప్పి అరచేతిలోకి దులిపాడు.

తొక్క తీసి, కొలత పెట్టి కోసిన నాలుగు క్యారెట్ ముక్కలు బుద్ధిగా వరసలో బయటికొచ్చాయి.