చీకటి రంగు పెళ్ళిచీర

"పెళ్ళికూతురు నలుపు కడుతుందా ఎక్కడైనా? ఊరంతా నవ్విపోతారే!" చేటలో బియ్యం ఏరుతూ వరహాలమ్మ మళ్ళీ అదే మాట అంది.

"నలుపు కాదు మామ్మా, అదిగో, ఆ రంగు," అంటూ హిమజ వంటింటి గోడ చూపించింది.

సూర్యమండలాన్ని ఎన్నడో దాటిపోయిన అంతరిక్ష నౌక పంపే ఆకాశపు బొమ్మ ఇప్పుడు ప్రతి ఇంటి గోడమీదా కదులుతుంది. ఉప్పాడలో దాన్నెవరూ పట్టించుకోరు. వరహాలమ్మకైతే అది నూనె మరకలు తుడవాల్సిన మరో గోడ. చీరమీద వేసే పూల బుటాలు సొంతంగా తోచడం ఆగిపోవడంతో, ఆమె కొన్నేళ్ళుగా యంత్రం గీసిచ్చినవే మగ్గం మీద నేస్తోంది.

"నువ్వు నేస్తేనే కడతాను. లేకపోతే కొట్లో కొనుక్కుంటాను."

"బెదిరిస్తున్నావటే?"

"బతిమాలుతున్నాను. ఒక్కసారి సరిగ్గా చూడు."

మనవరాలి మాట తీసెయ్యలేక ఆమె తలెత్తింది. మొదట ఒట్టి చీకటే. చూడగా చూడగా దాని అడుగున వంకాయ రంగు, ఆ వెనక నెమలికంఠం రంగు, మరీ లోపలెక్కడో కుంకుమ చల్లినట్టు దుమ్ము. ఏ యంత్రమూ గీయని బుటా ఒకటి ఆమె వేళ్ళలో మెదిలింది. పొయ్యి మీద పప్పు మాడిపోయింది.

భోజనాల దగ్గర కొడుకు భద్రం మొహం చిట్లించాడు. "ఏంటమ్మా, పప్పు మాడింది?"

వరహాలమ్మ అందరికీ నెయ్యి వడ్డించి, నెమ్మదిగా చెప్పింది.

"అమ్మాయి పెళ్ళిచీరకి రేపే మగ్గానికి నల్లదారాల పడుగు కడుతున్నాను. బుటా నాదే. ఊళ్ళోవాళ్ళకి నేను చెప్పుకుంటాను."