ఆపమని అరవని డ్రైవరు

ఇందుమూలంగా ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరంలో జీప్నీలనే షేరు బండ్లు నడిపే డ్రైవర్లందరికీ ప్రకటించడమేమనగా, ఒంటేలు బిగబట్టుకుని ఇంకో ట్రిప్పు కొట్టినవాడికి పతకాలేమీ ఇవ్వరు.

మూత్రంలో నెత్తురు పడుతున్నా, నా తోటి డ్రైవరు క్రిసాంటో పరీక్షకు రానన్నాడు. గొట్టం పెట్టి లోపల చూస్తారని వాడి భయం.

"పిరికి సన్నాసీ! చీలమండ దగ్గర పట్టీ అంటించి నరానికి సన్నగా కరెంటు ఇస్తార్రా. చీమలు పాకినట్టుంటుంది, దాంతో గొట్టం నొప్పి అంతగా తెలీదు. పోయిన నెల నేను ఈల వేస్తూ చేయించుకున్నా."

"భరించలేకపోతే?"

"'పారా' అని అరిస్తే ఆపేస్తారు. జీప్నీ దిగేవాళ్ళంతా ముప్పై ఏళ్ళుగా మన చెవుల్లో అరిచే మాటేగా!"

చివరికి వాణ్ణి లోపలికి పంపాను, డాక్టరు గది తలుపు మూశారు. వరండాలో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఆ అరుపు కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

క్రిసాంటో నవ్వుతూ వచ్చాడు. "నువ్వు చెప్పినట్టే ఉందిరా. కాస్త మంట, అంతే. చిన్న రాయట, తీసేస్తారట. పద, పోదాం."

"నువ్వెళ్ళు. తర్వాతి పేరు నాది."

ఈల సంగతి పచ్చి అబద్ధం. పోయిన నెల పట్టీ అంటించగానే "పారా!" అని అరిచి, ప్యాంటు చేతబట్టుకుని పరుగెత్తాను. నెత్తురు నాకూ పడుతోంది.