రెండో గొంతు

దీపాలార్పితే గాని అతను పాడలేడు. అదో పిచ్చి. అందుకే వాళ్లక్క స్టూడియో అద్దానికి ఇవతల కూర్చుని, అవతలి చీకటి గదిలోంచి వచ్చే తమ్ముడి గొంతును మాత్రమే నమ్ముకుని రికార్డు చేస్తుంది.

ఆ రాత్రి పాట అదిరిపోయింది. గిటారు, డ్రమ్స్ నిన్ననే అయిపోయాయి. ఇవాళ మిగిలింది గొంతే. చివరి చరణానికి మాత్రం మాటలు కుదరక, కూనిరాగం తీసి గట్టెక్కాడు. గొంతు నిండుగా వినబడాలంటే పాటంతా రెండోసారి పాడి, ఆ గొంతును మొదటిదానిమీద కలపాలి. ముందు గొంతులో కాస్త టీ పోసుకుందామని వెనక తలుపు తీసుకుని కిందికి దిగాడు. అక్కకి చెప్పడం మరిచిపోయాడు.

తిరిగొచ్చేసరికి అక్క ముఖం వెలిగిపోతోంది.

“రెండోసారి చంపేశావురా! ఊపిరి కూడా మొదట ఎక్కడ తీశావో అక్కడే తీశావు. విను.”

విన్నాడు. రెండు గొంతులూ తనవే. కానీ తను పాడింది ఒక్కసారే. అయినా ఎంత బాగుంది! ఛాతీ ఉప్పొంగింది.

చివరి చరణం వచ్చింది. మొదటి గొంతు కూనిరాగం తీస్తోంది. రెండో గొంతు మాటలు పాడుతోంది. నెల రోజులుగా అతను వెతుకుతున్న మాటలు అవే.

అక్క కళ్లు తుడుచుకుంది. “నాన్న ఉంటే ఊరంతా చాటేవాడు. ఈ చరణం ఎప్పుడు రాశావురా?”

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“ఇందాకే అక్కా. అలా తన్నుకొచ్చేసింది,” అన్నాడు కాలరెగరేస్తూ.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అద్దం అవతలి చీకట్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.